విశ్వాసాన్ని తూచొద్దు, పరుపు పట్టుకోండి

ఐసీయూ బయట బెంచీ మీద ఒక తల్లి కూర్చుని ఉంటుంది. సంఘంలోంచి ఇద్దరు ముగ్గురు వచ్చి, చేతులు పట్టుకుని ప్రార్థన చేస్తారు. లేచి వెళ్లేముందు ఒకరు ఆమె భుజం మీద చెయ్యేసి, "గట్టిగా నమ్మమ్మా, సందేహపడబాక, దేవుడు కార్యం చేస్తాడు" అంటారు. అన్నవాళ్ల మనసులో ఉన్నది ప్రేమే. కానీ ఆ మాట ఆమె లోపలికి దిగేసరికి వేరే మాటైపోతుంది: బిడ్డ దక్కకపోతే తప్పు నాదే, నేను చాలినంత నమ్మలేదు. అప్పటికే మోయలేనంత మోస్తున్న మనిషి మీద ఇంకో మూట పెట్టి వచ్చామన్నమాట.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల సంఘాల్లో ఉన్నవాళ్లతో నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. కష్టంలో ఉన్న మనిషి విశ్వాసాన్ని పొగాకు బేలు తూచినట్టు తూచే హక్కు మనకు లేదు. ఆ మనిషి కొన్నాళ్లు నమ్మలేకపోతే, ఆ నమ్మకాన్ని అతని తరఫున మొయ్యాల్సింది మనం.

మార్కు సువార్త 2వ అధ్యాయం మనందరికీ కంఠతా వచ్చిన ఘట్టమే. కపెర్నహూములో పక్షవాయువు మనిషిని నలుగురు మోసుకొస్తారు. గుమ్మం దగ్గర జనం కిక్కిరిసి ఉంటే పైకెక్కి, ఇంటి కప్పు విప్పి, పరుపుతోనే దించుతారు. అక్కడ మార్కు ఏం రాశాడో చూడండి: "యేసు వారి విశ్వాసము చూచి". ఆ "వారి"లో రోగి కూడా ఉండొచ్చు. ఉన్నా సరే, అతను ఎంత నమ్మాడో, ఏమని ప్రార్థించాడో ఒక్క ముక్క లేదు. కనబడిందల్లా ఆ నలుగురి చేతులూ, విప్పిన కప్పూ.

దీనికి ఎదురు ప్రశ్న వస్తుందని తెలుసు. "నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అని యేసే అన్నాడు కదా? అన్నాడు. అయితే ఆ మాట బాగుపడ్డ మనుషులతోనే అన్నాడు. బాగుపడని రోగిని చూసి "నీకు విశ్వాసం చాలలేదు" అని ఆయన అన్న సందర్భం నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు. "అల్పవిశ్వాసులారా" అని గద్దించింది పడవలోని శిష్యుల్ని, అదీ వాళ్ల కోసం గాలిని అణచిన రోజునే. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని ఏడ్చిన తండ్రిని ముందు పూర్తిగా నమ్మి రమ్మని వెనక్కి పంపలేదు. ఆ సగం నమ్మకానికే కొడుకు దక్కాడు.

పౌలు సంగతి ఇంకా స్పష్టం. ఆయన ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్తే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యాల్లో ఉంది. అదే పౌలు చివరి పత్రికలో, "త్రోఫిము రోగియైనందున అతనిని మిలేతులో విడిచివచ్చితిని" అని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లిపోతాడు. తన వెంట తిరిగిన ఆ త్రోఫిముకు విశ్వాసం లేదనడు, అతని పాపం ఏమిటో వెతకడు. తన శరీరంలో ముల్లని ఆయన చెప్పుకున్న బాధను తీసెయ్యమని తానే మూడుసార్లు వేడుకుంటే తీయబడలేదు. స్వస్థత కూటాల్లో ఈ త్రోఫిము గురించి ఒక్క ప్రసంగమైనా జరగాలని నా కోరిక.

మన మట్టిలోనే జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. ఒంగోల్లో ప్రార్థన కొండ అందరికీ తెలుసు. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ మిషనరీలు జూవెట్ దంపతులు, వాళ్లతోపాటు ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం అయిదుగురు ఆ కొండెక్కి ఒంగోలు కోసం ప్రార్థించారు. అమెరికన్ బాప్టిస్టుల నెల్లూరు మిషన్ అప్పటికి పద్నాలుగేళ్లుగా నడుస్తున్నా ఫలితం అంతంతమాత్రం. మూసేద్దామన్న చర్చ అమెరికాలో అంతకుముందు ఏడే నడిచింది. కొండ దిగిన మర్నాడు ఏమీ మారలేదు. అదే మిషన్ మిషనరీ జాన్ క్లౌ ఒంగోల్లో కాపురం పెట్టింది 1866లో, అంటే పన్నెండేళ్లకు. ఆ పన్నెండేళ్లలో ఏ ఏడాదైనా వాళ్ల విశ్వాసాన్ని ఫలితంతో తూచి ఉంటే సున్నా వచ్చేది.

ఆ తర్వాత 1876-78 కరువు, ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు. క్లౌ కుర్రతనంలో సర్వేయరు పని చేసినవాడు. బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన జనానికి కూలి పని ఇచ్చాడు. బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు మట్టి తవ్వకం, పని ఆగినప్పుడు వాక్యం. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్లు. బాప్తిస్మం ఇమ్మని గుంపులు గుంపులుగా అడిగారు. క్లౌ ఇవ్వనన్నాడు. కరువు నడిచినంతకాలం, ఏడాదికి పైగా, ఒక్కరికీ ఇవ్వలేదు. బువ్వ కోసం నమ్మారన్న మాట ఆ జనం మీద పడకూడదని, కూలిని నమ్మకానికి ముడిపెట్టకూడదని. కరువు తీరి, సాయం ఆగిపోయాక కూడా వాళ్లు తిరిగొచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున నీళ్లలోకి దిగి.

మనవాళ్లు ఎప్పుడూ ఆ 2,222 అంకె చెబుతారు. నాకు దానికంటే ముందు నడిచిన ఆ ఏడాది పెద్దదిగా కనబడుతుంది. ఆకలితో ఉన్నవాణ్ణి "నమ్ముతావా" అని అడగకుండా చేతికి పార ఇచ్చి, సాయంత్రానికి కూలి ఇచ్చారు. కష్టంలో ఉన్నవాడి విశ్వాసంతో బేరం పెట్టుకోలేదు. మన తాతముత్తాతల్లో చాలామంది విశ్వాసం మొదలైంది ఆ కాలవ గట్టు మీద.

మరి మొయ్యడమంటే ఏమిటి? పరుపుకు నాలుగు మూలలు. సంఘంలో ఎవరికైనా పెద్ద కష్టం వచ్చిన రోజునే నలుగురు మనుషులు తలా ఒక మూల పట్టుకోవాలి. "ఏమన్నా కావాలంటే చెప్పన్నా" అనేసి వెళ్లడం సాయం కిందికి రాదు. కష్టంలో ఉన్నవాడికి ఏం కావాలో ఆలోచించే ఓపికే ఉండదు.

ఒకరు ఆసుపత్రి మూల. రాత్రి తోడు పడుకునేవాళ్ల వంతులు రాయడం, మొదటి వారానికి ఏడుగురు పేర్లు. వెళ్లేటప్పుడు పండ్లకంటే ఫోను చార్జరు, దుప్పటి, చెంబు, వేడి ఇడ్లీ పొట్లం పనికొస్తాయి. రెండోవాళ్లు ఇంటి మూల. పిల్లల్ని బడికి పంపడం, గేదెకు మేత, పాలు పితకడం, ముసలాళ్ల మందులు. గేదె పాలు రెండు పూటలు పితక్కపోతే పొదుగువాపు రావచ్చు. ఆసుపత్రిలో ఉన్న రైతు మనసు సగం అక్కడే ఉంటుంది.

మూడోది కాయితాల మూల, దీన్నే అందరూ వదిలేస్తారు. ఆధార్, రేషన్ కార్డు, వైద్యసేవ (పాత ఆరోగ్యశ్రీ) కార్డు, పాత రిపోర్టులు, స్కానింగు ఫిల్ములు ఒకే సంచిలో పెట్టి, తారీకుల వారీగా సర్దాలి. చేర్చిన రోజే వైద్యసేవ డెస్కులో అడగాలి. చేతినుంచి డబ్బు కట్టేశాక తిరిగి రాబట్టుకోవడం కష్టం. ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టాలంటే అసలు బిల్లులు కావాలి, అందుకని ఏ బిల్లూ పారెయ్యొద్దు. వెల్లూరు సీఎంసీకో చెన్నైకో పంపిస్తే ఈ సంచే సగం పని చేస్తుంది.

నాలుగోది నెత్తురు, డబ్బు, తిండి. సంఘం రిజిస్టరులో పేర్ల పక్కన రక్త గ్రూపు కూడా రాసి ఉంచండి. మగవాళ్లు 90 రోజులకొకసారి, ఆడవాళ్లు 120 రోజులకొకసారి రక్తం ఇవ్వొచ్చు, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉండాలి. ఎవరు ఎప్పుడు ఇచ్చారో తారీకు కూడా రాస్తేనే ఆ పట్టీ అవసరానికి పనికొస్తుంది. ఇక తిండి సంగతి. ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం పక్కన తీసే అలవాటు ఉంటే అదే పెద్ద నిధి. పిడికెడంటే సుమారు 50 గ్రాములు. ముప్పై ఇళ్లు రోజూ తీస్తే నెలకు 45 కిలోలు, నలుగురున్న ఒక కుటుంబానికి నెల గడుస్తుంది. ఆ బియ్యం ఇచ్చేటప్పుడు ఫోటో తీయొద్దు.

ప్రార్థన ఎక్కడ, అంటారా? ఈ నాలుగు మూలల్లోనూ. అయితే మంచం పక్కన చేసే ప్రార్థనకు కొలత ఉండాలి. రోగి దగ్గర అయిదు నిమిషాలు, ఒక కీర్తన, చిన్న ప్రార్థన, మామూలు గొంతు. పక్క మంచం మీద కూడా ఒక మనిషి ఉన్నాడు. ప్రవచనాలు చెప్పొద్దు. "మూడో రోజుకు లేస్తాడని ప్రభువు నాతో చెప్పాడు" అన్న మాట నాలుగో రోజు ఆ ఇంట్లో ఏం చేస్తుందో అన్నవాళ్లు చూడరు. యోబు స్నేహితులు చేసిన మంచి పనల్లా ఏడు పగళ్లు ఏడు రాత్రులు నోరు మెదపకుండా పక్కన కూర్చోవడమే. నోరు తెరిచాకే చెడింది. చివర్లో దేవుడు కోప్పడింది వాళ్లమీద. తనతో వాదులాడిన యోబే యుక్తంగా పలికాడన్నాడు.

కష్టంలో ఉన్నవాళ్లకు నేరుగా ఒక మాట. ఏడిస్తే, అడిగితే, కోపం వస్తే అవిశ్వాసం అని ఎవరన్నా అంటే నమ్మొద్దు. 13వ కీర్తన తియ్యండి, ఆరే వచనాలు. మొదటి రెండింటిలో దావీదు "ఎన్నాళ్లు" అన్న ప్రశ్నే నాలుగుసార్లు అడుగుతాడు: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" తర్వాతి రెండింటిలో తనకేం కావాలో అడుగుతాడు. ఆఖరి రెండింటిలోనే నమ్మిక గురించి మాట్లాడతాడు. ఈ వరస చాలా ముఖ్యం. మనవాళ్లు ఏడుపుని దాటేసి నేరుగా ఆఖరి వచనానికి దూకమంటారు. దూకితే లోపల అడగని ప్రశ్న అలాగే కుళ్లుతుంది, ఆర్నెల్లకు ఆ మనిషి గుడికే రావడం మానేస్తాడు.

ఒక కాయితం తీసుకుని ఆ కీర్తనలాగే ఆరు వాక్యాలు రాయండి. మొదటి రెండూ మీ ఫిర్యాదు, ఉన్నదున్నట్టు, పేర్లతో: రొయ్యలు తెల్లమచ్చతో పోయాయి, చెరువు లీజు కట్టాలి, నువ్వు చూడటం లేదా? తర్వాత రెండూ ఈ వారానికి కావాల్సింది, పదేళ్లకు కాదు. ఆఖరి రెండూ మీరు నిజంగా అనగలిగితేనే రాయండి. రాకపోతే ఖాళీగా వదిలెయ్యండి. ఆ ఖాళీకి కూడా బైబిల్లో చోటుంది. 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతోనే ముగుస్తుంది, దానికి తర్వాత వెలుగు వచనం ఎవరూ అతికించలేదు. సణుగుడుకీ దీనికీ తేడా ఒకటే. ఇశ్రాయేలీయులు గుడారాల్లో కూర్చుని దేవుడి చాటున ఆయన్ను అన్నారు. కీర్తనకారుడు ఆయన ముఖం మీదే అడిగాడు. అడుగుతున్నాడంటే వినేవాడు ఉన్నాడని నమ్ముతున్నట్టేగా.

మందుల విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను, ప్రాణాలు పోయేది ఇక్కడే. జబ్బుపడ్డ హిజ్కియా రాజు ప్రార్థనకు దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు ఇచ్చాడు. అదే అధ్యాయంలో యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్నాడు. ప్రార్థన, కట్టు రెండూ ఒకే ప్రవక్త నోట వచ్చాయి. షుగరు ఉన్నవాళ్లు మూడు రోజుల ఉపవాస ప్రార్థనకు కూర్చుని, మాత్రలో ఇన్సులినో మామూలుగా వేసుకుంటే షుగరు పడిపోతుంది. అవి మానేస్తే ఎగబాకుతుంది. డాక్టరును అడక్కుండా ఈ రెండిట్లో ఏదీ చెయ్యొద్దు. చెమటలు, వణుకు, తికమకగా మాట్లాడటం కనిపిస్తే ఆ క్షణాన ఉపవాసం విడిపించాలి. షుగరు 70కి తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి. ఆత్మీయ ఉద్రేకమని పొరబడి చుట్టూ నిలబడి ప్రార్థన చేస్తూ ఉంటే మెదడు దెబ్బతింటుంది. షుగరు ఉన్నవాళ్లకు ఒక పూట టీవీ, ఫోను ఉపవాసం చాలు.

మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. మనసు జబ్బుల మందులు ఆపితే మొదటి కొన్ని వారాలు బాగానే ఉన్నట్టుండి, తర్వాత జబ్బు తిరగబెడుతుంది. ఆ బాగున్న వారాల్లోనే సాక్ష్యం చెప్పిస్తారు, అదీ ఘోరం. అభిషేక తైలం నుదుటిమీద ఒక చుక్క చాలు. షుగరు కాలిపుండు మీద పొయ్యొద్దు, తాగించొద్దు. స్వస్థత వచ్చిందని అనిపిస్తే సంతోషమే. పదిమంది కుష్ఠరోగులతో యేసు ఏమన్నాడు? వెళ్లి యాజకులకు కనపరచుకోమన్నాడు. ఆ రోజుల్లో చూసి నిర్ధారించేవాళ్లు యాజకులు. ఈ రోజుల్లో షుగరుకు మూడు నెలల సగటు పరీక్ష ఉంది. డాక్టరుతో మాట్లాడి, పరీక్ష చేయించి, ఆయన తగ్గించమంటే తగ్గించండి. నిజమైన స్వస్థతకు పరీక్షంటే భయం దేనికి?

డబ్బు గురించి క్లుప్తంగా. కష్టంలో మొక్కుకున్న కానుక కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్లున్నారు. 50 వేలకు నెలకు 1,500, ఏడాదికి 18 వేలు, అసలు అట్లాగే ఉంటుంది. "నీవు మ్రొక్కుకొనుట మానినయెడల నీయందు ఆ పాపము ఉండదు" అని ద్వితీయోపదేశకాండం. విధవరాలి రెండు కాసుల ప్రసంగం అందరూ చేస్తారు, దానికి సరిగ్గా పైనున్న "విధవరాండ్ర యిండ్లు దిగమింగు"వారి వచనం చదవరు. అప్పుల్లో మునిగిన ఇంటిని, ఇప్పుడు విత్తితే దేవుడు ఎన్నో రెట్లు ఇస్తాడంటూ విత్తన కానుక అడగడం తప్పు. ఆ నెల కానుకల పళ్లెం ఆ ఇంటివైపు తిరగాలి.

ఇక, బతకాలని లేదు అనే మాట. పొగాకు ధర పడ్డప్పుడు, చెరువు పోయినప్పుడు, కాపురం చెదిరినప్పుడు విశ్వాసులూ ఆ మాట అంటారు. ఏలీయా ప్రవక్తే అన్నాడు, బదరీ చెట్టు కింద కూర్చుని ప్రాణం తీసెయ్యమన్నాడు. దేవదూత అతనికి వాక్యం చెప్పలేదు, గద్దించలేదు. తట్టి లేపి, "నీవు లేచి భోజనము చేయుము" అని అప్పమూ నీళ్లూ ఇచ్చాడు. అతను తిని మళ్లీ నిద్రపోతే పోనిచ్చి, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాత, నలభై రోజుల నడక అయ్యాక. కాబట్టి ముందు అన్నం, నిద్ర, పక్కన మనిషి. "చచ్చిపోవాలని అనిపిస్తుందా అన్నా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు, పొలం మందులు ఆ ఇంట్లోంచి తెచ్చి వేరేచోట తాళం వెయ్యండి. 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేస్తే ఏ వేళైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. ఆత్మహత్య పాపమన్న ప్రసంగం ఆ రాత్రికి మందు కాదు.

చావు జరిగిన ఇంటి సంగతి మిగిలింది. లాజరును లేపబోతున్నానని తెలిసీ యేసు ఆ సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు. పునరుత్థానం ఉందన్న నమ్మకం ఏడుపుకు అడ్డం కాదని ఇంతకంటే రుజువేం కావాలి? మనం మాత్రం సమాధి దగ్గరే "ఏడవబాకండి, ప్రభువు దగ్గరికి వెళ్లాడు" అంటాం. ఆదరణ కూడిక పెట్టమంటాం, ఆ కూడిక భోజనాలకు ఆ ఇల్లే అప్పు చేస్తుంది. భోజనం సంఘం వండాలి, లేదా టీ బిస్కెట్లతో ముగించాలి.

మొదటి పది రోజులు ఆ ఇంటి నిండా జనం. తర్వాత ఎవరూ రారు. దుఃఖం గట్టిగా పట్టుకునేది ఆ తర్వాతే. కాబట్టి సంఘ కార్యదర్శి డైరీలో నాలుగు తారీకులు రాసుకోవాలి: నెల, మూడో నెల, పోయినవాళ్ల పుట్టినరోజు, వచ్చే క్రిస్మస్. ఆ రోజుల్లో ఇద్దరు వెళ్లాలి. బైబిలు చంకలో ఉంటే ఉండనివ్వండి, తెరవాల్సిన పని లేదు. ఒక టిఫిన్ క్యారియరు తీసుకెళ్లి, పోయిన మనిషిని పేరుతో తలుచుకుని, "ఎట్టా ఉండావక్కా?" అని అడిగి, ఆమె చెప్పిందంతా వినండి. ఈ నెల ప్రార్థన చెయ్యలేకపోయానని ఆమె అంటే, "మేం చేస్తన్నాంలే అక్కా, నువ్వు అన్నం తిను" అనండి.